‘లైలా’: రెండు ముక్కల పాట, ఇద్దరు స్త్రీల కథ

‘లైలా’ అనే రాక్ పాట ఏడు నిమిషాలకు కాస్త పైబడి సాగుతుంది. మొదటి మూడు నిమిషాల చిల్లరలో గిటార్లు ఒకదానిమీద ఒకటి ఎగబడుతుంటే ఒక గొంతు బతిమాలుతూ, అరుస్తూ పాడుతుంది. ఆ తర్వాత మాట ఆగిపోతుంది, పియానో మొదలవుతుంది, మిగిలిన దాదాపు నాలుగు నిమిషాలూ ఒక్క పదం లేకుండా నడుస్తాయి. 1970లో డెరెక్ అండ్ ది డామినోస్ అనే బృందం రికార్డు చేసిన ఈ పాట వెనుక కథగా లోకానికి తెలిసింది మొదటి ముక్క కథే. గిటార్ విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ తన ఆప్తమిత్రుడు, బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్ భార్య ప్యాటీ బాయిడ్‌ను ప్రేమించి, ఆ బాధను పాటగా కట్టాడన్నది ఆ కథ. అది నిజమే. అయితే పియానో ముక్కకు వేరే కథ ఉంది, అందులోనూ ఒక స్త్రీ ఉంది. మొదటి ముక్కలో ఒకామె జీవితాన్ని ఆమెను అడగకుండానే పాటకెక్కించారు; రెండో ముక్కలో మరొకామె ఆ స్వరంలో తన పాలు ఉందని చెప్పినా పేరు వెయ్యలేదు. దీన్ని ఒట్టి ప్రేమగాథగా చెప్పుకున్నప్పుడల్లా జారిపోయేది ఈ సంగతే.

ప్యాటీ బాయిడ్ 1944లో ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో పుట్టింది. లండన్‌లో మోడల్‌గా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో, 1964 మార్చిలో, బీటిల్స్ తొలి సినిమాలో బడిపిల్ల వేషానికి కుదిరి, ఆ చిత్రీకరణలోనే హారిసన్‌కు పరిచయమైంది. 1966 జనవరి 21న వారి పెళ్లి జరిగింది. రాక్ చరిత్రలు ఆమెను పాటలకు ప్రేరణగానే లెక్కగడతాయి గానీ, మహర్షి మహేశ్ యోగి ధ్యాన ఉద్యమంలో భర్త కంటే ముందు చేరింది ఆమే. 1968లో బీటిల్స్ ఋషికేశ్ ఆశ్రమానికి వెళ్లడం వెనుక ఆమె వేసిన ఆ తొలి అడుగు ఉందన్న మాట అరుదుగా వినిపిస్తుంది.

హారిసన్, క్లాప్టన్‌ల స్నేహం మామూలుది కాదు. 1968 సెప్టెంబరులో, బీటిల్స్ సొంత రికార్డింగుకు బయటి గిటార్ వాద్యకారుణ్ని పిలవడం ఊహించడానికే వీల్లేని సమయంలో, హారిసన్ తన పాటలో ప్రధాన గిటార్ వాయించడానికి క్లాప్టన్‌ను స్టూడియోకు తీసుకెళ్లాడు. క్లాప్టన్ అప్పటి బృందం క్రీమ్ కోసం ఇద్దరూ కలిసి ఒక పాట కట్టారు. 1969 వసంతంలో బీటిల్స్ వ్యాపార గొడవలతో విసిగిన హారిసన్, సర్రే ప్రాంతంలోని క్లాప్టన్ ఇంటి తోటలో గిటార్ పట్టుకుని కూర్చుని, తన పాటల్లో అందరికీ ఇష్టమైన ‘హియర్ కమ్స్ ది సన్’ కట్టాడు. ఇళ్ల మధ్య రాకపోకలు అంత దగ్గరివి. అదే రాకపోకల్లో క్లాప్టన్ చూపు స్నేహితుడి భార్య మీద నిలిచింది. హారిసన్ ధ్యానంలోనూ ఇతర వ్యాపకాల్లోనూ మునిగి ఇంట్లో ముభావంగా ఉండడం మొదలైన కాలం కూడా అదే.

బాయిడ్ తన ఆత్మకథలో చెప్పిన ఒక సంఘటన ఈ దశను బాగా పట్టిస్తుంది. 1970లో ఒక ఉదయం ఆమెకు ఉత్తరం వచ్చింది. చిన్నచిన్న అక్షరాలతో, ఎక్కడా పెద్ద అక్షరమన్నది వాడకుండా రాసిన ఆ ఉత్తరంలో, నువ్వింకా నీ భర్తను ప్రేమిస్తున్నావా అని అడిగిన వ్యక్తి చివర ‘ఇ’ అనే ఒక్క అక్షరంతో సంతకం చేశాడు. ఎవరో వెర్రి అభిమాని రాశాడనుకుని ఆమె దాన్ని ఇంట్లో అందరికీ, హారిసన్‌తో సహా, చూపించింది. ఆ సాయంత్రం ఫోను మోగింది. నా ఉత్తరం అందిందా అని అడిగినవాడు క్లాప్టన్.

లైలా అనే పేరు వచ్చింది ఒక పుస్తకం నుంచి. ఇస్లాంలోకి మారిన ఇయాన్ డాలస్ అనే మిత్రుడు, పన్నెండో శతాబ్దపు పారశీక మహాకవి నిజామీ గంజవీ రాసిన లైలా మజ్నూ కావ్యానువాదాన్ని క్లాప్టన్‌కు ఇచ్చాడు. తెలుగువారికి ఈ జంట కొత్త కాదు. 1949లో భరణీ పిక్చర్స్ తీసిన సినిమాలో భానుమతి లైలాగా, అక్కినేని నాగేశ్వరరావు మజ్నూగా నటించారు. ప్రేమలో పడి ఒళ్లు మరిచినవాణ్ని మజ్నూ అని ఆటపట్టించడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. అయితే నిజామీ కావ్యంలో, వాడుకలోకి వచ్చేసరికి అరిగిపోయిన ఒక మెలిక ఉంది. ఖైస్ అనే యువకుడు (లోకం మజ్నూ అన్నది ఇతన్నే) లైలాను ప్రేమించడం ఒక్కటే అడ్డంకి కాదు. ఆ ప్రేమను ఆపుకోలేక ఆమె పేరు పెట్టి వీధివీధినా పద్యాలు పాడడం అసలు అడ్డంకి. ఆ పాటల వల్ల పిల్ల పేరు ఊరి నోట పడింది, పిచ్చివాడికి పిల్లనివ్వనని తండ్రి తెగేసి చెప్పాడు. అంటే మజ్నూకు లైలాను దూరం చేసినవాటిలో మజ్నూ పాట కూడా ఒకటి. పైగా నిజామీ లైలా నోరు లేనిది కాదు. ఆమె కూడా పద్యాలు కట్టి, చీటీల మీద రాసి గాలికి వదులుతుంది, అవి చేరేవారికి చేరతాయి.

క్లాప్టన్ ఈ కావ్యం నుంచి తీసుకున్నది మజ్నూ గోడును మాత్రమే. అతని పాటలో లైలా ఒక్క మాటా ఆడదు. పాడేవాడు ఆమెను ప్రశ్నిస్తాడు, ఒంటరితనం వస్తే ఏం చేస్తావని దెప్పుతాడు, నీ మగడు నిన్ను నిరాశపరిచినప్పుడు ఓదార్చబోయి నేనే ప్రేమలో పడ్డానంటాడు, మోకాళ్ల మీద ఉన్నానంటాడు, నా మనసుకు ఊరట ఇమ్మంటాడు. నిశితంగా వింటే ఇందులో ఆమె ఎలాంటిదో, ఆమెకేం కావాలో తెలిపే వాక్యం ఒక్కటీ లేదు. ప్రేమను చెప్పుకోవడం కన్నా బాధను ఆమె మీద మోపడమే ఎక్కువ. అంత నిజాయితీగా స్వార్థం బయటపడింది గనకే పాట ఇంకా వేడిగా ఉందనిపిస్తుంది. మర్యాదగా రాసి ఉంటే ఎప్పుడో చల్లారిపోయేది.

పాట తయారైన తీరు మరో ముఖ్యమైన విషయం. 1970 నాటికి క్లాప్టన్ తన పేరు ప్రతిష్ఠలతోనే విసిగిపోయి ఉన్నాడు. అమెరికాకు చెందిన బాబీ విట్‌లాక్ కీబోర్డు మీద, కార్ల్ రాడిల్ బేస్ గిటార్ మీద, జిమ్ గోర్డన్ డ్రమ్ముల మీద ఉండగా, తాను డెరెక్ అనే మారుపేరు చాటున దాక్కుని కొత్త బృందం కట్టాడు. ఆ బృందం హారిసన్ సొంత ఆల్బమ్‌కు కూడా వాయించడం ఈ కథలోని విచిత్రాల్లో ఒకటి. ఆ ఏడాది ఆగస్టు చివర వారు ఫ్లోరిడాలోని మయామీ నగరంలో ఉన్న క్రైటీరియా స్టూడియోకు చేరారు. మాదకద్రవ్యాలు దండిగా ఉన్నాయి, పాటలు తక్కువగా ఉన్నాయి. మొదటి రోజుల్లో పని నత్తనడక నడిచింది.

మలుపు తిప్పినవాడు నిర్మాత టామ్ డౌడ్. ఆల్‌మన్ బ్రదర్స్ బృందంతోనూ పనిచేస్తున్న డౌడ్, ఆగస్టు 26న మయామీలో వారి కచేరీకి క్లాప్టన్‌ను వెంటబెట్టుకెళ్లాడు. డ్వేన్ ఆల్‌మన్ సోలో వాయిస్తూ కళ్లు తెరిచేసరికి ఎదురుగా నేల మీద క్లాప్టన్ కూర్చుని ఉన్నాడని, ఆ చూపుతో అతని చేతులు ఆగిపోతే పక్కనున్న డిక్కీ బెట్స్ అందుకోవాల్సి వచ్చిందని డౌడ్ చెప్పేవాడు. కచేరీ అయ్యాక ఇరు బృందాలూ స్టూడియోకు వచ్చి తెల్లవార్లూ వాయించాయి. అప్పటికి ఇరవై మూడేళ్ల ఆల్‌మన్ ఆ ఆల్బమ్ పూర్తయ్యేదాకా అతిథిగా ఉండిపోయాడు.

మొదట క్లాప్టన్ కట్టుకున్న ‘లైలా’ నెమ్మదైన విషాదగీతం. ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ మెరుపులాంటి గిటార్ పలుకు ఆల్‌మన్ తెచ్చిందే. ఆల్బర్ట్ కింగ్ పాడిన ఒక మందగమన బ్లూస్ పాటలో, ఇక నేను చేయగలిగిందేమీ లేదన్న అర్థం వచ్చే పాదం ఉంది. ఆ పాదాన్ని గాయకుడు పాడిన స్వరక్రమాన్నే తీసుకుని, వేగం పెంచి, గిటార్ మీదికి మార్చాడు ఆల్‌మన్. నిస్సహాయతను నింపాదిగా ఒప్పుకునే స్వరం వేగం మారేసరికి నిస్సహాయతతో కొట్లాడే స్వరమైంది. అది వినిపించేది డి మైనర్‌లో. పల్లవి ముగిసి చరణం మొదలవగానే పాట ఒక అర్ధస్వరం కిందికి, సి షార్ప్ మైనర్‌కు, హఠాత్తుగా జారుతుంది. వినేవారికి ఆ పేర్లు తెలియనక్కర్లేదు, కాళ్ల కింద మెట్టు తప్పినట్టు మాత్రం తెలుస్తుంది. క్లాప్టన్ గొంతు చరణంలో కింద తడుముకుంటూ నడిచి, పల్లవి రాగానే మళ్లీ పైకి ఎగురుతుంది. బతిమాలడం, అరవడం అన్న రెండు దశలూ పాట కట్టుబడిలోనే ఉన్నాయి.

ఈ పాటలో గిటార్ పొరలు ఆరు దాకా ఉన్నాయని డౌడ్ చెప్పాడు. క్లాప్టన్ వాయించింది 1956 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్. దానికి తగిలించినది ఫెండర్ చాంప్ అనే చిన్న ఆంప్లిఫయరు. వేల మంది ముందు నిలబెట్టే పెద్ద పెట్టెలు కాకుండా ఇంత చిన్నదాన్ని గరిష్ఠంగా పెంచడం వల్లనే ఆ గరుకుదనం వచ్చింది. ఆల్‌మన్ మాత్రం కోరిసిడిన్ అనే జలుబు మందు మాత్రలు వచ్చే చిన్న గాజు సీసాను వేలికి తొడుక్కుని, తీగల మీద జార్చి వాయించేవాడు. మెట్లను పట్టించుకోకుండా స్వరం నుంచి స్వరానికి జారే ఈ పద్ధతి గోటువాద్యం విన్నవారికి వెంటనే అర్థమవుతుంది. ‘లైలా’లో అతను ఆ సీసాను మెట్లన్నీ దాటించి, వేళ్లు సాధారణంగా పోని చోటుకు, తీగను మీటే చేతి దగ్గరదాకా తీసుకుపోయి స్వరాలు పిండాడు. అక్కడ గుర్తులుండవు, చెవి ఒక్కటే ఆధారం. కొన్ని స్వరాలు శ్రుతికి వెంట్రుకవాసి అటూఇటూ అయినట్టు వినిపిస్తాయి. ఆ తడబాటును లోపంగా పట్టిన విమర్శకులు ఉన్నారు గానీ, శ్రుతిశుద్ధంగా వాయించిన ‘లైలా’ ఇంత బాధపెట్టేది కాదు.

మాటలున్న ముక్క సెప్టెంబరు రెండో వారంలో రికార్డయింది. ఆ ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలు. వాటిలో స్నేహితుడి మనిషిని ప్రేమించినవాడి గోడుగా అంతకుముందే పేరుపొందిన ఒక బ్లూస్ పాట ఉంది, నిజామీని సహరచయితగా పేర్కొన్న పాట ఒకటుంది. ఆల్బమ్ మొత్తం ఒకే చిరునామాకు రాసిన ఉత్తరంలా ఉంటుంది.

ఆ ఉత్తరాన్ని ఆమెకు వినిపించిన తీరును బాయిడ్ వివరంగా రాసింది. క్లాప్టన్ ఆమెను లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ ప్రాంతంలో ఒక ఇంటికి పిలిచి, టేపు పెట్టి, శబ్దం పెంచి, రెండు మూడుసార్లు వినిపించాడు. వినేంతసేపూ ఆమె ముఖంలో ఏం కదులుతోందో చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు తట్టిన మొదటి ఆలోచన, ఇది నా గురించేనని అందరికీ తెలిసిపోతుందే అన్నది. తనను చూసి ఇంత బలమైన పాట పుట్టిందన్న ఎరుక తనను లొంగదీసిందని కూడా ఆమే రాసింది. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కదాన్ని వదిలేసినా ఆమెకు అన్యాయమే. అదే రాత్రి, క్లాప్టన్ నిర్వాహకుడు రాబర్ట్ స్టిగ్‌వుడ్ ఇంట్లో జరిగిన విందులో, హారిసన్ ఎదుటే క్లాప్టన్ తాను అతని భార్యను ప్రేమిస్తున్నానని చెప్పేశాడు. బాయిడ్ భర్తతోనే ఇంటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒకసారి క్లాప్టన్ హెరాయిన్ పొట్లం చూపించి, నువ్వు నాతో రాకపోతే ఇది మొదలుపెడతానని బెదిరించాడట. ఆమె రాలేదు, అతను అన్నంత పనీ చేశాడు. నిజామీలో ఊరు విన్న పాట వల్ల లైలాకు ఏమైందో చదివిన మనిషి, అదే పనిని రికార్డు కంపెనీ సాయంతో చేశాడన్నది కాదనలేం.

ఇక పియానో ముక్క. సెప్టెంబరులో రికార్డు చేసిన పాట ఎలా ముగించాలో తెలియక ఉన్న దశలో, డ్రమ్మర్ జిమ్ గోర్డన్ స్టూడియోలో ఒంటరిగా పియానో మీద ఒక స్వరరచన వాయించుకుంటుండగా క్లాప్టన్ విన్నాడు. దాన్ని పాటకు తోకగా తగిలించాలని నిర్ణయమైంది, కొన్ని వారాల తర్వాత రికార్డు చేసి అతికించారు. గోర్డన్ పియానోకు విట్‌లాక్ వాయించిన మరో పియానోను జతచేశారు. ఈ అతుకు విట్‌లాక్‌కు ఎన్నడూ నచ్చలేదు. మనసులోంచి వచ్చిన పాటకు ఇది పొసగదని అతను చివరిదాకా అన్నాడు. శ్రోతల్లో అత్యధికులు మాత్రం ఒప్పుకోలేదు. అరుపు ఆగిన చోట మేజర్ స్వరాల్లో తెరిపినిస్తూ మొదలయ్యే ఆ పియానో, దానిమీద ఆల్‌మన్ సీసా తీగల మీద తీసే పక్షికూతలాంటి ముగింపు లేకపోతే ‘లైలా’ ఒక మంచి రాక్ పాటగానే మిగిలేది.

పాటకు రచయితలుగా క్లాప్టన్, గోర్డన్‌ల పేర్లు పడ్డాయి. అప్పటికి కొంతకాలం ముందు గోర్డన్‌కు సన్నిహితురాలిగా ఉన్న గాయని రీటా కూలిడ్జ్ చెప్పే కథ వేరు. గోర్డన్ ఒక స్వరాల వరుస వాయిస్తే దానికి జవాబుగా వచ్చే రెండో స్వరాన్ని తాను కట్టానని, ఇద్దరూ కలిసి దానికి ‘టైమ్’ అనే పేరు పెట్టి పూర్తి పాట చేశారని, ఇంగ్లండ్‌లో క్లాప్టన్‌కు వినిపించి టేపు కూడా ఇచ్చి వచ్చారని ఆమె 2016లో వచ్చిన ఆత్మకథలో రాసింది. ఆ తర్వాత ఒకనాడు స్టూడియోలో ‘లైలా’ మోగుతుంటే తన స్వరం వినిపించి ఆమె నిర్ఘాంతపోయింది. స్టిగ్‌వుడ్‌ను నిలదీస్తే, నువ్వొక పాటలు పాడుకునే అమ్మాయివి, నువ్వేం చేయగలవన్న ధోరణిలో సమాధానం వచ్చిందని ఆమె ఆరోపణ. కోర్టుకు వెళ్లే స్తోమత అప్పట్లో ఆమెకు లేదు. ఇది ఒక పక్షం మాట మాత్రమే అనుకోవడానికి వీల్లేని ఆధారాలు రెండున్నాయి. ఆ పియానో స్వరం కూలిడ్జ్‌దేనని విట్‌లాక్ బాహాటంగా చెప్పాడు. కూలిడ్జ్ సోదరి ప్రిసిల్లా, ఆమె భర్త బుకర్ టి. జోన్స్ కలిసి 1973లో వెలువరించిన ఆల్బమ్‌లో ‘టైమ్’ పాట ఉంది. దాన్ని ‘లైలా’ చివరి ముక్క పక్కన పెట్టి వింటే పోలిక చెప్పనక్కర్లేదు. కూలిడ్జ్, గోర్డన్‌ల బంధం కూడా మంచిగా ముగియలేదు. 1970లో ఒక సంగీత యాత్ర మధ్యలో, న్యూయార్క్ హోటల్లో, అతను ఉన్నట్టుండి తనను కొట్టాడని ఆమె రాసింది. ఆ చెయ్యి వెనుక ముదురుతున్న మానసిక వ్యాధి ఉందని ఎవరూ అప్పుడు గుర్తించలేదు. స్కిజోఫ్రీనియాతో బాధపడుతున్న గోర్డన్ 1983లో కన్నతల్లిని చంపి జైలుపాలయ్యాడు, 2023లో నిర్బంధంలోనే చనిపోయాడు.

1970 నవంబరులో ఆల్బమ్ విడుదలైనప్పుడు పెద్ద సందడేమీ లేదు. డెరెక్ ఎవరో కొనుగోలుదారులకు తెలియలేదు, అట్టమీద పేరు కూడా లేకుండా ఒక యువతి చిత్రపటం మాత్రమే ఉంది. డెరెక్ అంటే ఎరిక్ అని బిళ్లలు అచ్చువేసి పంచుకోవాల్సిన గతి రికార్డు కంపెనీకి పట్టింది. పాటను మూడు నిమిషాల లోపుకు కత్తిరించి వదిలిన సింగిల్ కూడా సాగలేదు. 1971 అక్టోబరు 29న ఆల్‌మన్ మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయాడు. బృందం అప్పటికే చీలింది, క్లాప్టన్ హెరాయిన్‌తో ఇంట్లో తలుపులు వేసుకున్నాడు. పూర్తి నిడివి పాట 1972లో సింగిల్‌గా మళ్లీ విడుదలై, అమెరికాలో పదో స్థానానికి, బ్రిటన్‌లో ఏడో స్థానానికి ఎక్కేనాటికి దాన్ని వేదికమీద వాయించడానికి బృందమే లేదు.

బాయిడ్ 1974లో హారిసన్‌ను వదిలింది, 1979 మార్చి 27న అరిజోనాలోని టూసాన్‌లో క్లాప్టన్‌ను పెళ్లాడింది. ఆ తర్వాత జరిగిన విందుకు హారిసన్ వచ్చి గిటార్ కూడా వాయించాడు. పురుషుల స్నేహం నిలిచింది, పెళ్లి నిలవలేదు. క్లాప్టన్ తాగుడు, ఇతర సంబంధాలు ఆ కాపురాన్ని తినేశాయి. 1989కల్లా విడాకులైపోయాయి. పాటలో వేడుకున్న ఊరట చేతికందాక కూడా అతను శాంతించలేదన్నది బాయిడ్ ఆత్మకథలోనే కాదు, ఆమె పుస్తకం వచ్చిన 2007లోనే వెలువడిన క్లాప్టన్ ఆత్మకథలోనూ కనిపిస్తుంది. ఆమె వైపు కథ పూర్తిగా అచ్చులోకి రావడానికి పాట పుట్టిన తర్వాత ముప్పై ఏడేళ్లు పట్టింది. 2024 మార్చిలో ఆమె తన దగ్గర దాచుకున్న ఆనాటి ఉత్తరాలను, ఆల్బమ్ అట్టమీది అసలు వర్ణచిత్రాన్ని లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో అమ్మేసింది. ఒక్క చిత్రానికే దాదాపు ఇరవై లక్షల పౌండ్లు పలికాయి.

కూలిడ్జ్‌కు అలాంటి లెక్క తేలలేదు. 1992 జనవరిలో క్లాప్టన్ టీవీ కచేరీ కోసం ‘లైలా’ను కూర్చుని, ఆంప్లిఫయరు లేని గిటార్‌తో, నింపాదిగా పాడాడు. వేగమైన గిటార్ పలుకు తీసేశాడు, పియానో ముక్కను పూర్తిగా వదిలేశాడు. మరుసటి ఏడాది ఆ రూపానికి ఉత్తమ రాక్ పాటగా గ్రామీ బహుమతి వచ్చింది. విజేతలుగా ప్రకటించిన రెండు పేర్లలో ఒకటి అప్పటికే కాలిఫోర్నియా జైల్లో ఉన్న జిమ్ గోర్డన్‌ది, అది కూడా అతను కట్టాడన్న ముక్క ఒక్క క్షణమైనా వినిపించని పాటకు.